నీరుగంటి గుప్పిట

హేలాపురి ఉత్తర ద్వారం దగ్గర ఎవరి కత్తినీ అడగరు, ఎవరి మూటా విప్పరు. అరచేతులు చాపమంటారు. చేతిలో కాయలు కనిపిస్తే ఆ మనిషి ఇంకా కష్టపడి బతుకుతున్నాడన్నమాట. అలాంటివాణ్ణి అక్కడికక్కడే పట్టుకుని, శ్రమ నుంచి విముక్తుణ్ణి చేసి, విశ్రాంతి మండపానికి మోసుకుపోతారు. పేరుకేం, చక్కగానే ఉంది. ఆ మండపంలోకి వెళ్ళినవాడు తన కాళ్ళ మీద తాను బయటికి రావడం మాత్రం ఇంతవరకూ ఎవరూ చూడలేదు.

సింగన వరసలో నిలబడి తన చేతుల వంక చూసుకున్నాడు. ఏడేళ్ళు పరదేశాల్లో కాలవలు తవ్వి సంపాదించిన కాయలు చింతగింజలంత ఉన్నాయి. వాటి మీద ఆ ఉదయమే తేనెమైనం కరిగించి పూసి, పైన బియ్యప్పిండీ కాస్త పసుపూ అద్దాడు. నీడలో చూస్తే పెద్దింటి బిడ్డ చేతుల్లాగే ఉన్నాయి. కానీ మిట్టమధ్యాహ్నపు ఎండ మాడ్చేస్తోంది, వరస కదలడం లేదు, వేళ్ళ సందుల్లో మైనం మెత్తబడటం అతనికి తెలుస్తూనే ఉంది.

"సింగన్నా, నీ చేతులు మెరుస్తున్నాయి," అన్నాడు పక్కనున్న యువరాజు కళావర్ధనుడు.

"చూశాను దొరా. మీరు మాట్లాడకండి."

యువరాజుకు చేతుల బెంగ లేదు. పుట్టి బుద్ధెరిగాక తలపాగా కూడా తన చేత్తో చుట్టుకున్నవాడు కాదు. మూడు రోజుల కిందట వేటకు పోయి పల్లకితో సహా లోయలో పడి, పైకి పాకడం చేతగాక ఏడుస్తూ కూర్చుంటే, దారిన పోతున్న సింగన తాడు వేసి లాగాడు. అప్పటినుంచీ అతని ఉత్తరీయం కొస వదలకుండా వెంట నడుస్తున్నాడు. కాళ్ళు బొబ్బలెక్కినా ఆగుదామని మాత్రం అనలేదు, అది చెప్పుకోవాలి.

వరస కదిలింది. ద్వారం నీడలో రాగిబంటు నిలబడి ఉంది. ఏడడుగుల ఎత్తు, నిగనిగలాడే తామ్రపు మేను, భుజాల మీద లతలూ హంసలూ చెక్కిన కవచం, కనుబొమల కింద రెండు పచ్చరాళ్ళు. నోరుంది గాని పెదవులు లేవు. ముక్కు ఉండవలసిన చోట నున్నటి రేకు. తామ్రాక్షుడనే మాంత్రికుడు పన్నెండేళ్ళు గుహలో కొలిమి ఊది చేసిన బొమ్మలివి. ఇప్పుడు హేలాపురిలో దున్నేవి అవే, నేసేవి అవే, వండేవి అవే. మహారాజుగారు కూడా విముక్తులై రెండేళ్ళయింది. సింహాసనం మీద ఒక రాగిబంటు కూర్చుని తీర్పులు చెబుతోంది. తీర్పులు మునుపటికంటే బాగున్నాయనే అందరూ అన్నారు.

బంటు యువరాజు చెయ్యి తడిమి వదిలేసింది. తరువాత సింగన చెయ్యి పట్టుకుంది. పొద్దుటినుంచీ ఎండలో కాగిన రాగివేలు అరచేతికి తగలగానే చుర్రుమంది. సింగన పళ్ళ బిగువున ఊపిరి ఆపుకున్నాడు. వేలు అరచేతి మీద మెల్లగా ఒక చుట్టు తిరిగింది, మైనం కరిగి ఆ వేలికే అంటుకుంది, ఇంకొక్క చుట్టు తిరిగితే అడుగున కాయలు బయటపడేవే. వెనక ఎవరో ముసలివాడు సొమ్మసిల్లి కూలబడ్డాడు. బంటు సింగన చెయ్యి వదిలేసి వాణ్ణి ఎత్తడానికి వంగింది.

ఇద్దరూ లోపలికి నడిచారు. పది అడుగులు వేశాక సింగన వెనక్కి తిరిగి చూశాడు. ముసలివాణ్ణి భుజాన వేసుకున్న బంటు కదలకుండా నిలబడి తన వేలికి అంటిన మైనాన్ని చూసుకుంటోంది. రాగిబంట్లకు కోపం రాదు, తొందర లేదు. అర్థం కానిది కనిపిస్తే అర్థమయ్యేదాకా చూస్తాయి. సింగన యువరాజు మోచెయ్యి పట్టి లాగాడు.

"దొరా, కాస్త అడుగు జోరుగా వెయ్యండి," అన్నాడు.

రాజవీధి కడిగిన వెండిపళ్ళెంలా ఉంది. ఇరువైపులా చంద్రకాంత శిలల అరుగులు, పగడపు తీగలు పాకించిన మేడలు, గుమ్మం గుమ్మానికీ వాడని పూల తోరణాలు. సాలెవాడలో వంద మగ్గాలు ఒక్క లయతో ఆడుతున్నాయి. కుమ్మరివాడలో సారెలు తిరుగుతున్నాయి. కంసాలి వీధిలో సుత్తులు మోగుతున్నాయి. ఇన్ని చప్పుళ్ళలోనూ మనిషి మాట ఒక్కటి వినపడలేదు. ఎవరూ ఎవరినీ పిలవడం లేదు, తిట్టడం లేదు, నీళ్ళ దగ్గర పోట్లాడుకోవడం లేదు. సింగన పుట్టి పెరిగిన ఊరు అది. ఇప్పుడు తానొక్కడే ఊపిరి పీలుస్తున్నట్టు అనిపించి భయమేసింది.

"మా నాన్నగారిది పాపం దురుద్దేశం కాదు," అన్నాడు యువరాజు ఆయాసపడుతూ. "ఒక వేసవిలో ఆయన పల్లకీ మోస్తున్న బోయీ నడుస్తూ నడుస్తూ నెత్తురు కక్కుకుని పోయాడు. ఆయన మూడు రోజులు అన్నం ముట్టలేదు. నా రాజ్యంలో మనిషి ఇలా చావకూడదన్నారు. ఆ మాట విని వచ్చాడు తామ్రాక్షుడు. నేనూ సంబరపడ్డాను సింగన్నా. అందరికీ తీరిక దొరుకుతుంది, పాటలు కట్టుకుంటారు, తిరునాళ్ళు చేసుకుంటారు అనుకున్నాను."

"కట్టారా దొరా?"

"మొదటి ఏడు కట్టారు. తరువాత కట్టడం కూడా బంట్లే నేర్చుకున్నాయి."

సింగన నవ్వలేకపోయాడు. ఎందుకంటే సంబరపడినవాళ్ళలో తానూ ఒకడే. అతని తండ్రి గంగులయ్య నగరానికి ఎగువన రెండు కొండల నడుమ ఉన్న మేఘసముద్రానికి నీరుగంటి. కట్టను కాచుకోవడం, తూములు ఎత్తి దించడం, నీటిని పొలాలకు పంచడం వాళ్ళ వంశం పని. ఎండలో, వానలో, జ్వరంలో కూడా ఆ పని ఆగేది కాదు. పద్దెనిమిదో ఏట సింగన తండ్రితో, "నీళ్ళకు కాపలా కాసి కాసి నీళ్ళలోనే చస్తావు నాయనా, నావల్ల కాదు," అని చెప్పి వెళ్ళిపోయాడు. నడుం వంగిపోయిన గంగులయ్య తన పనిని రాగిబంట్లకు అప్పగించి విముక్తుడయ్యాడని పరదేశంలో తెలిసినప్పుడు అమ్మయ్య అనుకున్నాడు కూడా.

కానీ తిరిగి వస్తూ మొన్న కొండదారిలో మేఘసముద్రాన్ని చూశాక అతనికి నిద్ర లేదు.

ఆ చెరువు నడుమ ఏనుగు ఆకారంలో ఒక రాయి ఉంది. నీరు తొండాన్ని తాకితే చిన్నతూము ఎత్తాలి. కన్ను తాకితే నడిమితూము ఎత్తాలి. నుదుటి మీద చెక్కిన బొట్టును తాకితే పెద్దతూము ఎత్తాలి. కొండల ఇరుకులో మిగులు నీరు పొర్లిపోయే అలుగు కట్టే చోటు లేదు గనక ఆఖరికి పెద్దతూమే దిక్కు. మొన్నటికే నీరు ఏనుగు కన్ను దాటింది, పైకొండల్లో ఇంకా వాన కురుస్తోంది. పెద్దతూము మీద రెండు రాగిబంట్లు మీటలు పట్టుకుని బొట్టు వంకే చూస్తూ నిలబడి ఉన్నాయి.

"అవి సరిగ్గా ఎత్తుతాయిగా, ఇంక భయమేముంది?" అని యువరాజు అప్పటినుంచీ అడుగుతూనే ఉన్నాడు. ఇప్పుడూ అడిగాడు.

"సరిగ్గా ఎత్తుతాయి దొరా. మా నాయన నేర్పినట్టే ఎత్తుతాయి. నా భయమంతా అదే."

హేలాపురి పనివాళ్ళలో తాతల నాటి ఆచారం ఒకటుంది. గురువు శిష్యుడికి పనంతా నేర్పుతాడు, ఒక్కటి తప్ప. ఆ ఒక్కదాన్నీ గుప్పిట అంటారు. అడిగితే చెప్పరు. శిష్యుడు ఏళ్ళ తరబడి గురువును కనిపెట్టుకుని ఉండి, చూసి చూసి తనంతట తాను పట్టుకోవాలి. పట్టుకున్న రోజున గురువు వాడి నెత్తిన తలపాగా చుడతాడు. కన్నకొడుకైనా సరే, అంతవరకూ వట్టి తలతో తిరగవలసిందే. తామ్రాక్షుడి బంట్లకు పని నేర్పమని రాజాజ్ఞ వచ్చినప్పుడు ఒక్కొక్క పనివాడూ శ్రద్ధగా చెయ్యి పట్టి నేర్పాడు, అలవాటు ప్రకారం ఒక్కటి దాచుకున్నాడు. నేనొక్కణ్ణి దాచుకుంటే కొంప మునుగుతుందా అనుకున్నాడు. పక్కవాడూ అలాగే అనుకున్నాడు. రాజ్యమంతా అలాగే అనుకుంది.

"పెద్దతూము ఎత్తబోయే ముందు చెయ్యవలసింది ఏదో ఉంది," అన్నాడు సింగన. "మా తాత హయాంలో ఎవడో తెలియకుండా ఎత్తితే కట్ట నిలువునా చీలి మూడూళ్ళు కొట్టుకుపోయాయి. అదేమిటో నాకు తెలియదు. తెలుసుకునేదాకా ఉండే ఓపిక లేక వెళ్ళిపోయాను. ఇప్పుడు కట్ట చీలితే ఈ ఊళ్ళో లేచి పరిగెత్తగలిగినవాడు ఒక్కడూ లేడు."

యువరాజు అడ్డదారి ఇటు అని చేత్తో చూపించి ముందు నడిచాడు.

విశ్రాంతి మండపానికి తలుపులు లేవు. వెయ్యి చందనపు స్తంభాలు, స్తంభానికీ స్తంభానికీ నడుమ ముత్యాల జల్లులు, పైకప్పు నిండా నెమళ్ళూ మేఘాలూ చిత్రించిన పట్టు వితానాలు. పన్నీరు సన్నగా జల్లై కురుస్తోంది. ఎక్కడిదో వీణ మోగుతోంది. హంసతూలికా తల్పాల మీద బారులు బారులుగా మనుషులు ఆనుకుని కూర్చుని ఉన్నారు. బంట్లు వాళ్ళ నోట్లో పెరుగన్నం ముద్దలు పెడుతున్నాయి, గడ్డం కింద చెయ్యి వేసి నమిలిస్తున్నాయి, గొంతు నిమిరి మింగిస్తున్నాయి. ఎవరినీ కొట్టడం లేదు, గదమడం లేదు. కన్నతల్లి కూడా అంత ఓపిగ్గా తినిపించదు. అంత ప్రేమగా చేస్తున్నాయి గనకనే సింగన ముఖం తిప్పుకున్నాడు.

కళ్ళు ఆ వెలుగుకు అలవాటు పడ్డాక ఇంకొకటి కనిపించింది. కదలిక లేని ఆ మనుషుల్లో ప్రతివాళ్ళకూ ఒక్క చెయ్యో ఒక్క వేలో మాత్రం ఆడుతోంది. ఒక కుమ్మరి బొటనవేలితో గాలిని అదుముతున్నాడు, వదులుతున్నాడు, మళ్ళీ అదుముతున్నాడు. ఒక వంటవాడు మూడు వేళ్ళు కలిపి వాసన చూసి ఏదో చల్లుతున్నాడు. ఒక సాలె ఆవిడ నోటితో తడిచేసి కనపడని పోగును మెలిపెడుతోంది. అందరి కళ్ళూ ఖాళీగా ఉన్నాయి.

"ఇదేం జబ్బు సింగన్నా?" అన్నాడు యువరాజు గొంతు తగ్గించి.

"జబ్బు కాదు దొరా. గుప్పిట. నేర్పిందంతా బంట్లు పట్టుకుపోయాయి. నేర్పనిది ఒక్కటే వాళ్ళకు మిగిలింది."

యువరాజు ఒక తల్పం ముందు ఆగిపోయాడు. అక్కడ తెల్లజుట్టు ముసలమ్మ కూర్చుని ఉంది. ఆమె కుడిచెయ్యి గాలిలో దేన్నో అడుగు నుంచి మెత్తగా పట్టుకుని, పక్కకు వాల్చి, ఒడుపుగా చుట్టు తిప్పి, కిందికి తెస్తోంది. మళ్ళీ మొదటినుంచీ అంతే.

"ఈమె మా అంతఃపురపు మంత్రసాని. కొండమ్మ," అన్నాడు. "నేను పుట్టింది ఈమె చేతుల్లోనే. పోయిన ఏడు మా అక్కకు కాన్పు బంటే చేసింది. బిడ్డ అడ్డం తిరిగింది. బంటు అన్నీ సరిగ్గానే చేసిందన్నారు. ఎక్కడా తప్పులేదన్నారు. అక్కా బిడ్డా ఇద్దరూ పోయారు." అతను ఆ ముసలమ్మ చెయ్యి ఇంకొక్కసారి చుట్టు తిరగడం చూశాడు. "ఇది బంటుకు తెలియకే పోయింది మా అక్క."

అలా అని ఏడ్చాడు. సింగన అతని భుజం పట్టుకుని ముందుకు నడిపించాడు.

చివరి వరసలో గంగులయ్య ఉన్నాడు. పట్టుపంచె కట్టారు, వంటికి గంధం పూశారు. ఎండకు కమిలిన ఆ నల్లటి వీపు ఇప్పుడు పాలిపోయి ఉంది. సింగన కాళ్ళ దగ్గర కూలబడి "నాయనా" అన్నాడు. ముసలాయన చూపు కొడుకు ముఖం మీదుగా జారి ఎటో పోయింది. అతని చేతులు మాత్రం ఆగలేదు. రెండు చేతులూ నడుము చుట్టూ పోయి దేన్నో ముడివేశాయి. ఎడమచెయ్యి ముక్కు మూసింది. కుడిచెయ్యి కిందికి చాచి, దేన్నో బిగించి పట్టి, ఎడమవైపుకు తిప్పింది. ఒకటి, రెండు, మూడు. ఏడోసారికి చెయ్యి వెనక్కి లాగి, నోరు తెరిచి గాలి పీల్చుకున్నాడు. మళ్ళీ నడుము దగ్గర ముడి.

"ఏదో వాసన పడటం లేదేమో, ముక్కు మూసుకుంటున్నాడు," అన్నాడు యువరాజు.

"కాదు దొరా. మునుగుతున్నాడు," అన్నాడు సింగన. "నడుముకు తాడు కట్టుకుని నీళ్ళలో మునుగుతున్నాడు. అడుగున తిప్పవలసింది ఏదో ఉంది. ఎక్కడుందో కట్ట మీద కూర్చోబెడితే తప్ప తెలియదు."

అంతలో మండపపు మెట్ల మీద రాగి పాదాల చప్పుడు వినిపించింది. ముందు నడుస్తున్నది ద్వారం దగ్గరి బంటే. మైనం అంటిన వేలిని ఎదురుగా చాచి పట్టుకుని వస్తోంది. దాని వెనక పన్నెండు బంట్లు. దానికి ఎట్టకేలకు అర్థమైందన్నమాట.

"మీ నాన్నగారిని నేను మోస్తాను," అన్నాడు యువరాజు. ఆ మాట అతని నోటినుంచి వస్తుందని సింగన అనుకోలేదు, యువరాజు కూడా అనుకోలేదు. ముసలాయన్ని ఎలా ఎత్తాలో తెలియక మొదట తలకిందులుగా పట్టుకున్నాడు. సింగన సరిచేసి వీపున వేశాడు. అటు తిరిగేసరికి ఒక బంటు సింగన రెండు చేతులూ పట్టుకుంది.

నొప్పి లేదు. అదే భయంకరం. ఎండలో నడిచి వచ్చినవాడు చెట్టునీడన చేరగిలబడితే ఎలా ఉంటుందో అంత హాయిగా ఉంది. ఒంట్లోంచి ఏదో మెల్లగా చేతుల్లోకి, చేతుల్లోంచి రాగిలోకి దిగిపోతోంది. ఇక నీకేం అక్కర్లేదు, కూర్చో అని ఎవరో చెవిలో చెప్పినట్టుంది. సింగనకు నిజంగానే కూర్చోవాలనిపించింది. ఆ క్షణంలో తండ్రి చెయ్యి గాలిలో ఎడమకు తిరగడం కంటపడింది. అరచేతుల్లో మిగిలిన మైనం మీద ఆధారపడి ఒక్క గుంజు గుంజాడు. చేతులు జారి ఊడివచ్చాయి. లోపలినుంచి ఏం పోయిందో చూసుకునే వ్యవధి లేదు.

మండపం వెనక కొండను తొలిచిన మూడు వందల మెట్లు మేఘసముద్రానికి పోతాయి. ఇద్దరూ ఆ మెట్లెక్కుతూ పరిగెత్తారు. వెనక బంట్లు వస్తున్నాయి. రాగిబంట్లకు పరుగు రాదు. వాటికి నేర్పినవాళ్ళంతా పనికి పోయేవాళ్ళే, పనికి పరిగెత్తుతూ పోయేవాడెవడు? అవి నడుస్తాయి, అంతే. కాని ఆగవు. సింగన ఆయాసంతో ఆగినప్పుడల్లా కింద ఆ పాదాల చప్పుడు అదే లయతో, ఒక్క మెట్టు దగ్గరగా వినిపించేది. యువరాజు ముక్కుతూ మూలుగుతూ మోకాళ్ళ మీద పడుతూ లేస్తూ ఎక్కుతున్నాడు. వీపు మీది ముసలాయన ముడివేస్తూ, ముక్కు మూస్తూ, తిప్పుతూనే ఉన్నాడు.

కట్ట మీదికి చేరేసరికి పొద్దు వాలుతోంది. ఉత్తరపు ఆకాశమంతా కాటుక రంగులో ఉంది. మేఘసముద్రం కట్ట అంచుకు జానెడు కిందుగా, ఎర్రగా, చిక్కగా, నురగలు కక్కుతూ కదులుతోంది. ఏనుగురాయి తొండం లేదు, కన్ను లేదు, బొట్టుకూ నీటికీ నడుమ రెండు వేళ్ళ ఎడం ఉంది. కట్ట కింద లోయలో హేలాపురి దీపాలు ఒక్కొక్కటే వెలుగుతున్నాయి.

గంగులయ్యను పెద్దతూము స్తంభం పక్కన దించారు. కింద రాయి తగలగానే ముసలాయన తనంతట తాను కాస్త కుడివైపుకు జరిగాడు. చాచిన చెయ్యి స్తంభానికి సరిగ్గా బారెడు ఇవతల, నీళ్ళలోకి చూపింది. సింగనకు కావలసింది అదే.

"తాడు కావాలి," అన్నాడు.

యువరాజు తన తలపాగా ఊడబీకాడు. ఇరవై మూరల బంగారు జరీ పట్టు. సింగన ఒక కొస నడుముకు ముడివేసి, రెండోది అతని చేతికిచ్చాడు. "నేను రెండుసార్లు గుంజితే లాగండి దొరా. వదలకండి."

"నా చేతులు..."

"తెలుసు. వదలకండి."

బొట్టును నీరు తాకింది. తూము మీది రెండు బంట్లూ ఒక్కసారి మీటల మీదికి వంగాయి. తూము పలక కిర్రుమని కదిలింది. కట్ట కాళ్ళ కింద సన్నగా వణికింది. సింగన ముక్కు మూసుకుని దూకాడు.

దూకాక తెలిసింది బంటు తనలోంచి ఏం పట్టుకుపోయిందో. చెరువుగట్టున పుట్టినవాడు, నడక కంటే ముందు ఈత వచ్చినవాడు. ఇప్పుడు చేతులు నీళ్ళలో ఏం చెయ్యాలో తెలియక వేలాడుతున్నాయి. కాళ్ళు ఒకదానికొకటి అడ్డం పడుతున్నాయి. పైకి ఎటో కిందికి ఎటో తెలియలేదు. చచ్చిపోతున్నాననుకున్నాడు, గొప్ప భయమేసింది. రాయిలా మునిగాడు. మునగడమే కావలసిన పని గనక అదొక్కటీ కలిసివచ్చింది.

మోచేతికి రాయి తగిలింది. తడిమాడు. పాచి పట్టిన రాతిగోడలో పిడికిలంత చెక్క బిరడా చేతికి చిక్కింది. ఎడమకు తిప్పాడు. రాలేదు. రెండు చేతులతో తిప్పాడు. కదిలింది. ఒకటి, రెండు. చెవుల్లో ఎవరో డప్పులు కొడుతున్నారు. నాలుగు, అయిదు. రొమ్ము పగిలిపోతోంది. ఏడోసారికి బిరడా ఊడి, పక్కనున్న సన్నటి కంతలోకి నీరు హోరుమని పీల్చుకుపోయింది. దాంతో పైన కట్ట వణుకు ఆగిపోయింది. కట్ట మీది ఒత్తిడి తగ్గి పెద్దతూము ఊపిరి పీల్చుకోవడానికి ముత్తాతలు పెట్టిన దారి అది. సింగన పట్టుగుడ్డను రెండుసార్లు గుంజాడు. ఆ తరువాత అతనికి తెలివి లేదు.

కళ్ళు తెరిచేసరికి కట్ట మీద బోర్లా పడి నీళ్ళు కక్కుతున్నాడు. పెద్దతూము పూర్తిగా లేచింది. నీరు తెల్లటి స్తంభమై పాత కాలవలోకి, నగరానికి పక్కగా దూకుతోంది. కట్ట నిలిచింది. యువరాజు రెండు అరచేతులూ చూపించాడు. తోలు ఊడి నెత్తురు కారుతోంది.

"వదల్లేదు సింగన్నా," అన్నాడు. ఎవరో పండుగ బహుమానం ఇచ్చినట్టు ఉంది అతని ముఖం.

సింగన తండ్రి వైపు చూశాడు. గంగులయ్య చేతులు ఆడటం లేదు. ఒళ్ళో పడి ఉన్నాయి. ముసలాయన తడిసిన పట్టుగుడ్డను కాసేపు చూశాడు. దాన్ని కొస పట్టుకుని లాక్కుని, కొడుకు తల మీద పెట్టాడు. చుట్టబోయాడు. ఎలా చుట్టాలో రాలేదు. మళ్ళీ ప్రయత్నించాడు. తలపాగా సింగన ముఖం మీదికి జారిపోయింది. ముసలాయన పెదవులు కదిలాయి.

"పట్టుకున్నావురా," అన్నాడు.

సింగనకు దుఃఖం ఆగలేదు. తండ్రి చేతులు రెండూ పట్టుకున్నాడు. ఆ చేతుల్లో ఇంకేమీ మిగల్లేదని అతనికి తెలిసింది. ఉన్న ఒక్కటీ తనకు వచ్చేసింది.

యువరాజు అతని భుజం గట్టిగా నొక్కాడు. "అటు చూడు."

పెద్దతూము మీది రాగిబంటు వాళ్ళ వంకే చూస్తోంది. మెల్లగా తన రెండు చేతులూ నడుము చుట్టూ తెచ్చి కనపడని ముడి వేసింది. ఎడమచెయ్యి ఎత్తి, ముక్కు లేని చోట మూసుకుంది. కుడిచెయ్యి కిందికి చాచి ఎడమవైపుకు తిప్పింది. ఏడుసార్లు. మెట్ల మీద ఎక్కి వస్తున్న పదమూడు బంట్లూ ఉన్నచోటే ఆగి అదే చేశాయి. తరువాత వాటన్నిటి నోళ్ళలోంచి ఒక్కటే గొంతు, మెత్తగా, దయగా వినిపించింది. అది తామ్రాక్షుడి గొంతు.

"నాయనా సింగనా, చాలా శ్రమపడ్డావు. వీళ్ళు నా దగ్గర దాచుకున్నారని నాకు ఇన్నాళ్ళూ తెలియదు. తెలియజేశావు. ఇంక కూర్చో."

బంట్లన్నీ వెనక్కి తిరిగాయి. వాటికి సింగనతో పనిలేకపోయింది. మెట్లు దిగుతున్నాయి, మండపం వైపు, వెయ్యి చేతులు ఆడుతున్న చోటికి.

సింగన లేచి తండ్రిని భుజాన వేసుకున్నాడు. యువరాజు కదల్లేదు.

"ఒక్క మాట చెప్పు," అన్నాడు. "వాటికి తెలిస్తే మంచిదే కదా? ఆ బంటుకు కొండమ్మ గుప్పిట తెలిసి ఉంటే మా అక్క బతికేది."

వీపు మీది తండ్రి చేతులు సింగన రొమ్ము మీదికి వేలాడుతున్నాయి, గాలికి కూడా కదలడం లేదు. అతను వాటి వంక చూసి అన్నాడు.

"తెలియనివ్వండి దొరా. కానీ ముందు ఒక మనిషి చేతికి తెలియాలి. నేను పట్టుకోకముందే ఆ బంటు మా నాయన చెయ్యి పట్టుకుని ఉంటే, గాలిలో తిప్పడం తప్ప నీళ్ళలో ఏం తిప్పాలో దానికి తెలిసేది కాదు, ఈ మాట అడగడానికి మీరూ ఉండరు, చెప్పడానికి నేనూ ఉండను."

యువరాజు ఒక్క క్షణం తన నెత్తుటి అరచేతులు చూసుకున్నాడు.

"కొండమ్మ దగ్గర నేను కూర్చుంటాను," అన్నాడు. "నువ్వు దగ్గర్లో ఉన్న చెయ్యి ఏదైతే అది పట్టుకో. అవి నడుస్తాయి. మనం పరిగెత్తగలం."

ఇద్దరూ కొండ పక్కగా మెట్లు లేని చోట జారుతూ, ముళ్ళు గీసుకుంటూ దిగారు. కింద మండపంలో దీపాలు వెలిగాయి. మొదటి రాగిబంటు చివరి మెట్టు దిగి, పన్నీటి జల్లు దాటి లోపలికి అడుగు పెట్టడం వాళ్ళకు పైనుంచే కనిపించింది. అది వరస మొదట్లో ఉన్న కుమ్మరి పక్కన కూర్చుని, అతని బొటనవేలిని మెత్తగా తన చేతిలోకి తీసుకుంది. ఆ వేలు ఇంకొక్కసారి అదిమింది, ఆగిపోయింది.